ఫోనుంటే లైబ్రరీ ఎందుకు?

పోయిన నెల చింతకాయ తొక్కు గురించి రాశాక చాలా ఉత్తరాలు వచ్చాయి. మెంతులు ఎన్ని వెయ్యాలి, ఇంగువ ఎప్పుడు కలపాలి, జాడీకి బూజు పడితే ఏం చెయ్యాలి అని. వాటి మధ్య మిర్యాలగూడ నుంచి వచ్చిన ఒక ఉత్తరం మాత్రం తొక్కు గురించి కాదు. ఆ సోదరి ఇట్లా రాసింది: "అక్కా, మా అమ్మాయి డిగ్రీ రెండో సంవత్సరం. క్లాసులయ్యాక లైబ్రరీలో కూర్చుంటానని ఒక బస్సు వదిలేసి తర్వాతి బస్సుకు వస్తోంది. మావారేమో 'పుస్తకాలన్నీ ఫోన్లోనే వస్తున్నయి గదా, ఇంక లైబ్రరీ ఎందుకు? క్లాసు కాంగనె ఇంటికి రావాలె' అంటున్నారు. అమ్మాయి రెండు రోజుల నుంచి అన్నం సరిగ్గా తినడం లేదు. ఎవరి మాట నిజమో మీరే చెప్పండి."

ఇది ఆ ఒక్క ఇంటి గొడవే కాదు. సూర్యాపేటలో మా వీధిలోనూ ఇదే మాట. ఫోను వచ్చాక టేపురికార్డరు పోయింది, కెమెరా పోయింది, టార్చిలైటు పోయింది. లైబ్రరీ కూడా ఆ దారినే పోతుందని మగవాళ్ల లెక్క. లెక్క వినడానికి బాగానే ఉంది. కానీ నాకెందుకో అంత తేలిగ్గా సరిపెట్టుకోబుద్ధి కాలేదు. ఇంటర్‌తో ఆగిపోయినదాన్ని, డిగ్రీ కాలేజీ లైబ్రరీ లోపల ఏం జరుగుతుందో నా అంతట నేను చెప్పలేను. తెలిసిన మనిషిని అడగడమే మేలనుకున్నాను.

మా ఆడపడుచు తోటికోడలు కోదాడలో ఒక కాలేజీలో లైబ్రేరియన్. వరసకు నాకు మరదలు. చుట్టాలందరిలో ఆమెది 'పుస్తకాలకు కాపలా ఉద్యోగం' అని పేరు. ఆదివారం ఫోను చేసి సంగతి చెప్తే, "వదినా, ఇది ఫోన్లో ఒడిసే ముచ్చట కాదు. ఒకరోజు కాలేజీకే రా, నీ కళ్లతోనే చూద్దువుగాని" అంది. బుధవారం పొద్దున్నే వంట ముగించుకుని కోదాడ బస్సెక్కాను.

లైబ్రరీ లోపలికి పోగానే ఎడమ పక్కన ఒక పాత చెక్క బీరువా. దానికి చిన్న చిన్న సొరుగులు, ఆయుర్వేదం మందుల కొట్టులో ఉంటాయి చూడండి, అట్లాంటివి. ఒకప్పుడు ప్రతి పుస్తకానికీ అట్టముక్కల మీద వివరాలు రాసి అందులో పెట్టేవాళ్లట. రాసినాయన పేరు మీద ఒకటి, పుస్తకం పేరు మీద ఒకటి, విషయం మీద ఒకటి. పుస్తకం కావలసినవాళ్లు నిలబడి ఆ అట్టలన్నీ వేళ్లతో తిప్పుకుంటూ పోవాలి. ఇప్పుడు ఆ సొరుగుల్లో బైండింగు దారం, జిగురు డబ్బా, సుద్దముక్కలు పెట్టుకుంది మా మరదలు. అట్టల పని మొత్తం కంప్యూటరు మీదికి పోయింది.

పుస్తకం వెన్ను మీద ఒక నంబరు చీటీ అంటించి ఉంటుంది, మీరూ చూసే ఉంటారు. అది అమెరికాలో మెల్విల్ డ్యూయీ అనే ఆయన 1876లో మొదలుపెట్టిన పద్ధతి. లోకంలోని విద్యలన్నిటినీ పది భాగాలు చేసి, ఒక్కో భాగాన్ని మళ్లీ పది చేసి, అట్లా చీల్చుకుంటూ పోయాడు. మన పోపులడబ్బా లెక్కే. ఆవాల గిన్నెలో ఆవాలే ఉండాలి, కరెంటు పోయినప్పుడు చెయ్యి పెట్టినా దొరకాలి. "మరి మన వంటకు నంబరుందా?" అని నవ్వులాటకి అడిగాను. ఉందట! ఇంటి పనులన్నీ 640లలో. అందులో వంట 641.5, కుట్టుపని 646.2. ఆ పద్ధతి నడిచే లైబ్రరీ ప్రపంచంలో ఎక్కడున్నా వంటల పుస్తకాలు ఆ నంబరు దగ్గరే ఉంటాయి. ఇంట్లో ఎవరూ లెక్కలోకి తియ్యని పనికి అక్కడ ఒక అర కేటాయించి ఉందని తెలిసి నాకు ముచ్చటేసింది.

మన దేశంలో ఈ విద్యకు పెద్దదిక్కు ఎస్.ఆర్. రంగనాథన్ గారు. మద్రాసులో లెక్కల మాస్టారుగా ఉండి, 1924లో మద్రాసు యూనివర్సిటీ లైబ్రేరియన్ అయ్యారు. శిక్షణ కోసం లండన్ పోయినప్పుడు ఒక పెద్ద దుకాణంలో పిల్లలు బిగించుకునే మెకానో బొమ్మలు చూశారట. అవే ముక్కలు, ఒకసారి బండి అవుతాయి, ఇంకోసారి వంతెన అవుతాయి. పుస్తకాల విషయాలు కూడా అట్లాగే ముక్కలు కలుపుకుని చెప్పొచ్చు గదా అని ఆయనకు తట్టింది. అదే 1933లో అచ్చయిన కోలన్ పద్ధతి. ఆగస్టు 12న ఆయన పేరు మీదనే లైబ్రేరియన్ల దినం చేస్తారు.

ఆయన 1931లో లైబ్రరీకి అయిదు సూత్రాలు రాశారు. అయిదూ మా మరదలు చెప్పింది గాని నాకు మనసుకు పట్టినది ఒక్కటే: చదవడానికి వచ్చినవాళ్ల టైము వృథా కానివ్వకూడదు. "మా పిల్లలకు ఉన్నదే ముప్పావు గంట వదినా. మూడున్నరకు క్లాసు ఒడుస్తది, నాలుగుంబావుకు ఊరి బస్సు. ఆ ముప్పావు గంటలో పుస్తకం వెతుక్కోవడానికే అరగంట పోతే ఇంక చదివేదెప్పుడు? కంప్యూటరు తెచ్చుకున్నది షోకుకు కాదు, ఆ అరగంట మిగిల్చడానికి" అంది. కోదాడ మాట సగం కృష్ణా మాటలా ఉంటుందిగాని, ఇట్లాంటప్పుడు మనదే వచ్చేస్తుంది.

ఆ కంప్యూటరులో పుస్తకాల లెక్క చూసే ప్రోగ్రాము పేరు కోహా. దాని కథ వింటే మీకూ నచ్చుతుంది. న్యూజిలాండ్‌లో హోరోఫెనువా అనే చిన్న ప్రాంతం లైబ్రరీ వాళ్లకు 1999లో ఒక చిక్కు వచ్చింది. వాళ్ల పాత ప్రోగ్రాము 2000 సంవత్సరం రాగానే తేదీలు చదవలేక మొరాయిస్తుందని తెలిసింది. కొత్తది కొనాలంటే బోలెడు ఖర్చు. ఒక చిన్న కంపెనీ చేత తామే తయారు చేయించుకుని, 2000 జనవరిలో వాడకం మొదలుపెట్టారు. అక్కడితో ఆగితే అది వాళ్ల ఊరి సంగతిగానే ఉండిపోయేది. ఎవరైనా ఊరికే తీసుకుని వాడుకోవచ్చని లోకానికి వదిలేశారు. కోహా అంటే అక్కడి మావోరీ భాషలో కానుక, పెళ్లికో సభకో పోయినప్పుడు చేతిలో పెట్టేది. మన పెళ్లిళ్లలో చదివింపులు లేవూ? అట్లా అన్నమాట. ఎక్కడో సముద్రాల అవతల ఒక చిన్న ఊరు చదివించిన కానుక మన దేశంలో ఎన్నో కాలేజీల్లో పుస్తకాలకు లెక్క చూస్తోంది.

ఇంక అసలు సంగతికి వస్తాను. ఫోన్లో దొరకనిది ఆ లైబ్రరీలో ఏం దొరుకుతుంది?

నేనక్కడ ఉండగానే ఒక బీయస్సీ అమ్మాయి వచ్చింది. వాళ్లమ్మ మిర్యాలగూడ దగ్గర రైస్‌మిల్లులో పనికి పోతుందట. అమ్మాయి ప్రాజెక్టు ముక్క పురుగు మీద. మన బియ్యం డబ్బాలో నల్లగా, ముక్కు సాచుకుని తిరుగుతుందే, అదే. "నేనూ ఫోన్లో వెతికిన మేడం. వేపాకు వెయ్యండి, అగ్గిపుల్లలు వెయ్యండి, ఈ మందు కొనండి అని వీడియోలే వస్తున్నయి. పురుగు గురించి లేదు" అంది. మా మరదలు కుర్చీ జరిపి అమ్మాయినే కంప్యూటరు ముందు కూర్చోబెట్టింది. తను ముట్టుకోలేదు. పురుగు శాస్త్రీయ నామం ఏమిటో ముందు పుస్తకంలో చూసి రమ్మంది. ఆ పేరుతో వెతకమంది. పది నిమిషాల్లో ఉచితంగా చదువుకోగల పరిశోధన వ్యాసాలు మూడు దొరికాయి.

నేనూ పక్కన నిలబడి విన్నాను. ఆడ పురుగు గింజకు చిన్న బొక్క చేసి లోపల గుడ్డు పెట్టి, పైన జిగురుతో మూసేస్తుందట. పిల్ల గింజ లోపలే తిని లోపలే పెరుగుతుంది. మన వేడికి నెల రోజుల్లో పెద్దదై బయటికి వస్తుంది. అంటే మనకు పురుగు కనపడేసరికి అది గింజలో నెలగా కాపురం చేస్తోందన్నమాట! పైకి బాగానే కనపడే బియ్యంలో కూడా ఎందుకు పుడతాయో అప్పుడు అర్థమైంది. కొత్త బియ్యం తెచ్చి పాత బియ్యంలో కలపకండి. డబ్బా ఖాళీ అయ్యాక కడిగి, మూలల్లో గింజ మిగలకుండా ఎండబెట్టి, బాగా ఆరిన బియ్యమే పోసి, గాలి చొరని మూత పెట్టండి. తేమే దానికి బలం. వేపాకు సంగతి మీ ఇష్టం.

ఆ అమ్మాయి మాటే చూడండి. ఫోను ఉంది, ఇంటర్నెట్ ఉంది. కానీ ఫోను ఆమెకు చూపించింది అమ్ముడుపోయే వస్తువును. ఎట్లా అడగాలో నేర్పిన మనిషి మాత్రం లైబ్రరీలోనే దొరికింది.

చదువుకునే పిల్లలకు ప్రభుత్వం ఏమేం పెట్టిందో కూడా ఆమెనే అడిగి రాసుకున్నాను. ఐఐటీ ఖరగ్‌పూర్ వాళ్లు నడిపే నేషనల్ డిజిటల్ లైబ్రరీని 2018 జూన్ 19న దేశానికి అంకితం చేశారు. స్కూలు పాఠాల నుంచి పెద్ద చదువుల దాకా ఒకేచోట వెతుక్కోవచ్చు, పైసా అక్కర్లేదు. 2017లో వచ్చిన స్వయం అనే దాంట్లో పెద్ద పెద్ద ప్రొఫెసర్ల పాఠాలు ఇంట్లో కూర్చుని వినొచ్చు. వినడం ఉచితం, సర్టిఫికెట్ కావాలంటేనే పరీక్షకు ఫీజు. వీటికి తోడు 2025 జనవరి నుంచి వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ మొదలైంది. పరిశోధన పత్రికలు చాలా ఖరీదు, ఒక కాలేజీ కొనలేదు. అందుకని కేంద్రమే 30 ప్రచురణ సంస్థలకు డబ్బు కట్టి, దాదాపు 13,000 పత్రికల్ని దేశంలోని 6,300కు పైగా ప్రభుత్వ విద్యాసంస్థలకు తెరిచింది. గాంధీనగర్‌లో ఉన్న ఇన్‌ఫ్లిబ్‌నెట్ అనే సంస్థ దాని వ్యవహారం చూస్తుంది. మీ పిల్లలు చదివే కాలేజీ ఆ లెక్కలోకి వస్తుందో రాదో లైబ్రరీలోనే అడగాలి. ఊరికే ఫోన్లో తెరిస్తే డబ్బు కట్టమంటుంది. పిల్లలు అదే చూసి మూసేస్తారు, తమ పేరు మీద ఎవరో ముందే కట్టారని తెలియక.

ఆమె నాకు చూపించిన వాటిలో నేను ఎక్కువసేపు కూర్చున్నది మాత్రం పాత తెలుగు పుస్తకాల దగ్గర. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, అమెరికాలో కంప్యూటర్ శాస్త్రవేత్త అయి, 1994లో ట్యూరింగ్ అవార్డు పొందిన రాజ్ రెడ్డి గారి పేరు వినే ఉంటారు. పది లక్షల పుస్తకాల్ని ఫొటోలు తీసి అందరికీ అందుబాటులో పెట్టాలని ఆయన పూనుకున్నారు. మన దేశంలో ఆ పని జరిగిన చోట్లలో హైదరాబాదు ఒకటి. పాత లైబ్రరీల్లో పురుగు పడుతున్న తెలుగు పుస్తకాలు ఎన్నో అట్లా బతికాయి. ఆ తర్వాత ఆ డిజిటల్ లైబ్రరీ సైటు ఆగిపోయినా, చాలా పుస్తకాలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో చదువుకోవచ్చు.

"నీకొకటి చూపిస్తా వదినా" అని ఆమె తెరిచింది భండారు అచ్చమాంబ గారి 'అబలా సచ్చరిత్ర రత్నమాల'. నూటిరవై ఏళ్లు దాటిన పుస్తకం, మన దేశంలోని గొప్ప స్త్రీల చరిత్రలు. అచ్చమాంబ గారు 1874లో పుట్టారు, పదేళ్లకే పెళ్లి. బడి మొహం చూడలేదు. తమ్ముడు వాళ్లింట్లో ఉండి చదువుకుంటుంటే, అతని పుస్తకాలతో, అతని దగ్గరే చదవడం రాయడం నేర్చుకున్నారు. నేర్చుకుని ఊరుకున్నారా? దేశమంతా వెతికి స్త్రీల చరిత్రలు రాశారు, 1902లో 'ధనత్రయోదశి' కథ రాశారు, ఊళ్లు తిరిగి స్త్రీ సమాజాలు పెట్టించారు. 1905లో, నిండా 31 ఏళ్లు లేకుండానే పోయారు.

ఆ తమ్ముడు ఎవరనుకున్నారు? కొమర్రాజు లక్ష్మణరావు పంతులు గారు. కోదాడ నుంచి సూర్యాపేటకు వస్తుంటే మధ్యలో మునగాల తగులుతుంది గదా, ఆ మునగాల జమీందారీకి దివాను. చుట్టూ నిజాం ఇలాకా ఉండగా మధ్యలో ఇంగ్లీషు వాళ్ల కిందున్న పరగణా అది. లక్ష్మణరావు గారు, మునగాల రాజా నాయని వెంకట రంగారావు గారు, రావిచెట్టు రంగారావు గారు, ఇంకా కొందరు పెద్దలు కలిసి 1901 సెప్టెంబరు 1న హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం పెట్టారు. ఉర్దూ రాజ్యంలో తెలుగుకు ఒక గూడు అన్నమాట. 1906లో విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి మొదలుపెట్టి చరిత్ర, సైన్సు పుస్తకాలు తెలుగులో అచ్చు వేయించారు. ఆ వెనుక ఊరూరా లైబ్రరీలు లేచాయి. 1928లో హైదరాబాదు రాష్ట్రంలోని తెలుగువాళ్ల గ్రంథాలయ మహాసభ జరిగింది ఎక్కడో కాదు, మన సూర్యాపేటలోనే. సభ పెట్టుకోవాలంటే సర్కారు అనుమతి కావలసిన రోజులవి. ఇప్పుడు ఆ దారిన బస్సులో పోతూ మనం మునగాల రాగానే టికెట్ చిల్లర అడగడం తప్ప ఇంకేం గుర్తు చేసుకుంటాం?

ఆ రోజుల్లో కొత్త యంత్రమంటే అచ్చు మిషనే. ఇప్పటి ఫోను లాగానే, అది కూడా ముందు మగవాళ్ల చేతికే వచ్చింది. అచ్చమాంబ గారికి అది అందిందంటే తమ్ముడు పుస్తకం ఇవతలికి జరిపాడు కాబట్టి. అందరికీ అట్లాంటి తమ్ముడు ఉండడు.

ఇప్పటి ఇళ్లల్లో జరిగేది చూడండి. 2020 సెప్టెంబరు 1 నుంచి కరోనా వల్ల స్కూలు పిల్లలకు దూరదర్శన్ యాదగిరిలో, టీ-శాట్‌లో పాఠాలు పెట్టారు. కాలేజీ పిల్లలకు ఫోన్లో క్లాసులు. ఇంట్లో మంచి ఫోను ఒకటే. అది నాన్నతోపాటు మిల్లుకో, షాపుకో, పొలానికో పోయేది. తిరిగొచ్చాక ముందు అన్నయ్య లేదా తమ్ముడు. అమ్మాయి చేతికొచ్చేది గిన్నెలు కడిగాక, చార్జింగు అయిపోయే వేళకు. ఆ ఏడాది మా మరదలు చేసిన పని వినండి. వాట్సాప్ గ్రూపులో అమ్మాయిలు రాత్రి పదింటికే తెరుస్తున్నారని కనిపెట్టి, వీడియోలు మానేసి, నాలుగైదు పేజీల పాఠాలు పంపడం మొదలుపెట్టింది. వీడియోకు సిగ్నల్ కావాలి, డేటా కావాలి, చప్పుడవుతుంది. పేజీలైతే ఒకసారి దించుకుని చప్పుడు లేకుండా చదువుకోవచ్చు. కొత్త టెక్నాలజీ తెలియడమంటే ఇది కూడా అని నాకనిపించింది, ఎప్పుడు తక్కువ వాడాలో తెలియడం.

ఇప్పుడు ఫోన్లు పెరిగాయి, అమ్మాయిల చేతిలోనూ ఉన్నాయి, ఒప్పుకుంటాను. కానీ ఇంట్లో ఫోను పట్టుకుని కూర్చున్న అమ్మాయిని చూసి ఏమంటాం? "ఎప్పుడు చూసినా ఫోనే, లేచి బియ్యం ఏరు" అంటాం. అదే అమ్మాయి చేతిలో పుస్తకం ఉంటే కాస్త ఆగి పిలుస్తాం. ఫోన్లో చదువుతోందో, రీల్సు చూస్తోందో మనకు తెలియదు, కాబట్టి అనుమానం. ఆ అనుమానంలో నిజంగా చదివేది కూడా కొట్టుకుపోతుంది. లైబ్రరీ బల్ల దగ్గర ఆ ముప్పావు గంట ఆమెను ఎవరూ లేపరు. మిర్యాలగూడ సోదరీ, మీవారితో ఈ మాట చెప్పండి. ఫోన్లో పుస్తకాలు వస్తాయన్న మాట నిజమే. చదువుకునే చోటు మాత్రం ఫోన్లో రాదు. బస్సు సంగతి భయమైతే, చివరి బస్సుకు కాకుండా దానికి ముందు బస్సుకు రమ్మనండి. ఆ ఊరి అమ్మాయిలు ఇద్దరు ముగ్గురు కలిసి ఆగేట్టు మాట్లాడండి. వారంలో రెండు రోజులతో మొదలుపెట్టినా చాలు. వీలైతే మీవారినే ఒకరోజు వెంట తీసుకుపోయి లైబ్రేరియన్‌తో మాట్లాడించండి. మగవాళ్లు చూడనిదానికే ఎక్కువ భయపడతారు.

ఏఐ గురించి కూడా అడిగాను, పిల్లలంతా దానితోనే అసైన్‌మెంట్లు రాస్తున్నారని వింటున్నాం గదా. మా మరదలు దాన్ని తిట్టలేదు. పాఠం అర్థం కాకపోతే తెలుగులో విడమర్చి చెప్పమని అడగడానికి బాగానే పనికొస్తుందంది. కాకపోతే ఒక షరతు పెట్టింది. అది ఏ పుస్తకం పేరు చెప్పినా, ఆ పుస్తకాన్ని అరలోగాని కంప్యూటరులోగాని వెతికి చూపించాకే అసైన్‌మెంటులో రాయాలి. ఎందుకంటే అది తెలియదని చెప్పడానికి మొహమాటపడి, లేని పుస్తకం పేరు కూడా ధీమాగా చెప్పేస్తుంది. అచ్చమాంబ గారి గురించి అడిగితే ఆమె రాయని నవల ఒకటి అంటగట్టిందట. తెలియని ఊళ్లో దారి అడిగితే, తెలియకపోయినా "ఇట్లా నేరుగా పోండి" అని చెయ్యి చూపించేవాళ్లు ఉంటారే, అట్లా.

అన్ని కాలేజీలూ ఇట్లాగే ఉన్నాయని నేను అనను. ఇంకో ఊళ్లో ఒక కాలేజీకి మా చెల్లెలి కూతురి అడ్మిషను పనిమీద పోయాను. లైబ్రరీలో కొత్త కంప్యూటర్లు వరసగా ఉన్నాయి, అన్నిటికీ పూలగుడ్డ ముసుగులు. ఎప్పుడు తీస్తారని అడిగితే "తనిఖీ వాళ్లు వచ్చినప్పుడు తీస్తమమ్మా, పిల్లలు ముట్టుకుంటే కరాబైతయి" అన్నాడు అక్కడి మనిషి. ఫీజులో మాత్రం లైబ్రరీకని విడిగా రాశారు. అడ్మిషనుకు పోయినప్పుడు హాస్టలు కూర బాగుందా అని అడుగుతాం గదా, ఒక్కసారి లైబ్రరీ గది కూడా తలుపు తీయించి చూడండి. లైబ్రేరియన్ ఉన్నారా, లేక ఇంకెవరో గుమాస్తా తాళంచెవి పెట్టుకున్నాడా? పుస్తకం ఇంటికిస్తారా? కంప్యూటరు మీద కూర్చునేది పిల్లలా, ఆఫీసు వాళ్లా? బస్సు టైముకు ముందు ఎంతసేపు తెరిచి ఉంటుంది? మా మరదలు ఈ చివరి దానికోసం ప్రిన్సిపాల్ గారిని రెండేళ్లు అడిగి, పొద్దున తొమ్మిదికే తెరిచేట్టు చేసుకుంది. పల్లె బస్సులు తొమ్మిదికి ముందే దింపిపోతాయి, క్లాసు పదింటికి. ఆ గంట ఇప్పుడు అమ్మాయిలతోనే నిండుతోందట.

డిగ్రీ అయిపోయి ఇంట్లో ఉన్న అమ్మాయిల సంగతేమిటని మీరడగవచ్చు. కాలేజీ గేటు దాటాక ఆ బల్ల ఆమెది కాదు. అప్పుడు మిగిలేది ఊరి గ్రంథాలయమే. అది ధర్మానికి నడుస్తోందనుకుంటాం. కాదు. బీరువాలో ఇంటిపన్ను రశీదు ఉంటుంది, తీసి చూడండి. గ్రంథాలయ సెస్సు అని ఒక వరస ఉంటుంది. 1960 నాటి చట్టం ప్రకారం ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు. 2,000 రూపాయల పన్ను కట్టే ఇల్లు ఏటా 160 రూపాయలు లైబ్రరీకి కడుతోంది. అద్దెకున్నవాళ్ల పన్ను కూడా అద్దెలోనే కలిసి ఉంటుంది.

మా వీధిలో ఆరుగురం మొన్న సాయంత్రం రశీదులు తెచ్చుకుని కూడాం. అన్నీ కలిపితే ఏడాదికి వెయ్యి రూపాయలు దాటింది. ఆరుగురిలో లైబ్రరీ మెట్లెక్కినది ఒక్కతే, అదీ వాన వస్తే తడవకుండా నిలబడటానికి. లోపల చూస్తే గ్రూప్స్‌కు, కానిస్టేబుల్ పరీక్షకు చదివే మగపిల్లలతో కుర్చీలన్నీ నిండి ఉన్నాయని చెప్పింది. వాళ్లు చదువుకోవాలి, కాదనను. ఇంట్లో ఉన్న మన అమ్మాయిలకు కూడా ఒక బల్ల కావాలి, ఒక కంప్యూటరు కావాలి. అడిగేవాళ్లు లేక కదా పెట్టనిది!

గురువారం పదకొండింటికి, వంటలయ్యాక, ఆరుగురం కలిసి పోతున్నాం. మెంబరుగా చేరడానికి ఏమేం కాగితాలు అడిగారో, స్త్రీలకు విడిగా బల్ల ఉందో లేదో వచ్చే వారం రాస్తాను. తొక్కు ఉత్తరాలకు జవాబులు కూడా అప్పుడే. జాడీకి బూజు పడ్డవాళ్లు మాత్రం ఆగకండి, పైపొర తీసేస్తే సరిపోతుందనుకోకుండా మొత్తం పారేసి, జాడీ కడిగి ఎండబెట్టుకోండి.